రత్నం మరణాన్ని నేను రాయలేదు

ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పొరపాటున జరిగింది కాదు. ఏం చేస్తున్నానో తెలిసే చేశాను. మీకు చెప్పాలని నిశ్చయించుకున్నాను గనక, మెత్తగా చెప్పను.

అప్పట్లో విశాఖలో ఒక క్యాన్సర్ ఆసుపత్రి ల్యాబులో డాక్టరుగా ఉండేదాన్ని. వేగంగా ముదిరే లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్, మీద నా పరిశోధన. గడ్డలోంచి తీసిన ముక్కలో ఒక జన్యుమార్పు కనిపిస్తే ఆ రోగికి మందులు బాగా పనిచేస్తాయని నా వాదన. ఆ మార్పు ఉన్నవాళ్లు కొద్దిమందే. అందరూ కోలుకున్నారు, ఒక్క రత్నం తప్ప.

రత్నం జాలరిపేట మనిషి. హార్బర్‌లో చేపలు వేలం పాడుకుని, ఉక్కునగరం క్వార్టర్లలో తిరిగి అమ్మేది. మెడ మీద గడ్డతో వచ్చింది. మందులకు గడ్డ కరిగింది. వానాకాలంలో తిరగబెట్టింది. తర్వాత రావడం మానేసింది.

ఒక ఉదయం ఆమె భర్త ఎల్లాజీ ల్యాబు గుమ్మంలో నిలబడ్డాడు.

"రత్నం పోనాదమ్మా. పది రోజులయ్యింది."

కుర్చీ చూపించాను. ఆయన కూర్చోలేదు.

"ఏటి జరిగినా సెప్పమన్నారు గదా. తనే అంది, నాను పోయినా ఎల్లి సెప్పు, ఇంకోలకి పనికొత్తాదని. రాసుకున్నారా?"

"రాసుకున్నాను."

చేతిలో పెన్ను కూడా లేదు.

ఆయన వెళ్లాక రిజిస్టరు తీసి, రత్నం పేరు ఎదురుగా 'మళ్లీ రాలేదు, ఆచూకీ లేదు' అని రాశాను. అలాంటివాళ్లను పరిశోధనలోంచి తప్పించవచ్చు. తప్పించాను. ఒక వైద్య పత్రికలో వ్యాసం అచ్చయింది. పేరొచ్చింది, పై ఉద్యోగమొచ్చింది.

భయపడి చేశానా? లేదు. ఆ ఒక్క మరణంతో నా వాదన కూలిపోయేది కూడా కాదు, కాస్త బలహీనపడేది, అంతే. అయినా మచ్చలేని ఫలితం మీద నాకున్న ఆశ ముందు, పది రోజుల దుఃఖంతో అంత దూరం నడిచొచ్చిన మనిషి మాట చిన్నదైపోయింది. ఆ వ్యాసం నమ్మి ఏ డాక్టరైనా ఎవరికైనా 'నీకేం భయం లేదు' అని చెప్పాడా? ఆ రోగి ధీమాగా ఉండి, తిరగబెట్టిన గడ్డను ఆలస్యంగా చూపించుకుందా? తెలియదు. తెలుసుకునే దారి నేనే మూసేశాను.

నిరుడు ఆ పత్రికకు జరిగిందంతా రాసి పంపాను. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ఎల్లాజీ కోసం జాలరిపేట వెళ్లాను. ఆయనా పోయి చాలా కాలమైందన్నారు. బతికి ఉన్నా, క్షమించమని అడిగే హక్కు నాకుందనుకోను.

రత్నం చనిపోయింది. ఆ జన్యుమార్పు ఉండి కూడా చనిపోయింది. నాకు చెప్పారు, నేను దాచాను. పత్రికకు రాశానే గాని, ఈ మూడు ముక్కలు ఇన్నేళ్లలో నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు అన్నాను. ఊపిరి ఆడుతోంది.