నేను తీసేయమన్న మెసేజ్

జాగ్రత్త నేర్పుతున్నామనుకుంటూ మనం మనుషులకి భయమే నేర్పుతున్నామా? కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది.

ఏలూరులో మా పక్క వాటాలో ఉండే కామేశ్వరి పిన్నిగారికి పోయిన నెల ఓ దొంగ మెసేజ్ వచ్చింది. హెల్త్ కార్డు ఆగిపోయిందట, లింకు నొక్కాలట. "ఆసుపత్రి, ఆరోగ్యం అంటూ ఏమొచ్చినా తీసేయండి" అని చెప్పి, పెద్ద ఉపకారం చేసినట్టు ఇంటికొచ్చాను.

ఈ సాయంత్రం ఆవిడ గోడ మీంచి పిలిచారు.

"మొన్నా నిన్నా మళ్ళీ వచ్చాయమ్మా! బాబాయిగారి రక్తంలో ఏదో తేడా ఉందట, వెంటనే రమ్మని. నేనేం తక్కువదాన్నా? రెండూ తీసిపారేశాను."

"బాబాయిగారు రక్తపరీక్ష చేయించుకున్నారా పిన్నిగారూ?"

"సోమవారం చేయించుకున్నారుగా!"

రక్తపరీక్ష రసీదు తెప్పించి, దాని మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. మెసేజ్ నిజమేనండీ. రక్తంలో పొటాషియం బాగా పెరిగిందట, గుండెకి ప్రమాదమట. ఆటోలో తీసుకెళ్ళి ఆసుపత్రిలో చేర్పించాం. ఇంకో రోజు ఆగితే కష్టమయ్యేదన్నారు.

పిన్నిగారిని అడిగితే, ఆ మెసేజ్‌లలో లింకు లేదట, ఓటీపీ అడగలేదట. "అనుమానమొస్తే రసీదు మీది నంబరుకి ఫోన్ చేసి కనుక్కోండి" అని ఆ రోజు ఒక్క ముక్క అదనంగా చెప్పి ఉండాల్సింది.

"నువ్వుండబట్టి సరిపోయిందమ్మా" అని పిన్నిగారు చెయ్యి పట్టుకుంటే తలెత్తలేకపోయాను. తప్పు నాదేనన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మీరైతే చెప్పేసేవారా అండీ? చెబితే రేపు ఆవిడ దొంగ మెసేజ్‌లు కూడా నమ్మేస్తారని భయపడ్డానో, నా పెద్దరికం పోతుందని భయపడ్డానో, నాకింకా తేలడం లేదు.