కుదుసాన్ కప్పుకున్న కొత్త నెత్సెలా

మా జలంబెసాలో కుదుసాన్ కాచిన సువా తాగనివాడు ఉన్నాడంటే, వాడు ఊరికి కొత్తగా వచ్చినవాడైనా అయ్యుండాలి, కడుపునొప్పితో పడుకున్నవాడైనా అయ్యుండాలి. బార్లీ పులియబెట్టి, చేదుకి గేషో ఆకు వేసి ఆమె చేసే ఆ సువా కోసం లారీ డ్రైవర్లు దారి మళ్ళి వచ్చేవారు. గుమ్మం ముందు కర్ర పాతి, దాని మీద రేకు డబ్బా బోర్లిస్తే ఇంట్లో సువా ఉందని అర్థం. యుద్ధంలో ఇల్లు కూలినప్పుడు ఆ కర్ర కూడా విరిగింది. కుదుసాన్ మాత్రం కూలిన గోడలు లేవకముందే కొత్త కర్ర పాతి డబ్బా బోర్లించిన మనిషి.

ఏళ్ళ తరబడి పొయ్యి పొగలో నిలబడి ఆమె గొంతు బొంగురుపోయింది. లోపలి నుంచి ఆమె కేక వేస్తే బయట కూర్చున్నవాళ్ళు ఆటపట్టించేవారు.

"ఒరేయ్, పిలిచింది కుదుసానా, ఆమె మొగుడా?"

"మొగుడైతే అరువిస్తాడు, నేనైతే ఇవ్వను. ఇప్పుడు తెలిసిందా ఎవరో?" అనేది ఆమె.

ఇంత నోరున్న మనిషి ఒక్క మాట దగ్గర మాత్రం మూగబోయేది. అది ఆమె తల్లి మాట. పుట్టిల్లు సెనాఫె. కొండ దిగి బస్సెక్కితే పొద్దెక్కేలోపు చేరే ఊరు. పెళ్ళయిన కొత్తలో తల్లి చేతి రొట్టె తినాలనిపిస్తే పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేది. తర్వాత ఇథియోపియాకీ ఎరిత్రియాకీ యుద్ధం వచ్చింది. జలంబెసా ఇటు ఇథియోపియాలో, సెనాఫె అటు ఎరిత్రియాలో, మధ్యలో కందకాలు, మందుపాతరలు. బస్సు లేదు, ఉత్తరం లేదు, ఫోను లేదు. ఇరవై ఏళ్ళు అలాగే గడిచాయి.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం కుదుసాన్ ఇంట్లో టీవీ ముందు ఊరు ఊరంతా కూర్చుంది. రెండు దేశాల పెద్దలూ విమానాశ్రయంలో ఒకరినొకరు కావలించుకున్నారు. రాయబార కార్యాలయాలు తెరుస్తారట, విమానాలు నడుపుతారట, ఫోన్లు కలుపుతారట. ఎవరూ నమ్మలేదు. కుదుసాన్ భర్త కహ్సాయ్ అయితే, "ఇది పాత సినిమా అయ్యుంటుంది," అన్నాడు. మర్నాడు ఫోన్లు కలిశాయి.

ఊళ్ళో జనానికి పిచ్చెక్కింది. నంబర్లు తెలియనివాళ్ళు నోటికొచ్చిన అంకెలు నొక్కి, అవతల ఎవరు ఎత్తితే వాళ్ళనే పలకరించి ఏడ్చారు. కుదుసాన్‌కి మాత్రం తమ్ముడు యెమానె నంబరు దొరికింది. ఖార్తూమ్‌లో ఉన్న బంధువు ఎవరో పంపారు. రెండుసార్లు తప్పు అంకె నొక్కింది.

"అక్కా," అన్నాడు అవతల యెమానె.

"అమ్మేదిరా? అమ్మకివ్వు."

"అమ్మా? అమ్మ... గుడికెళ్ళిందక్కా. బాగుంది. అంతా బాగున్నాం."

వారం పోయాక చేస్తే అమ్మ పడుకుందన్నాడు. అది పట్టపగలు. కోడి కూశాక మంచం మీద ఉండటం ఎరగని మనిషి అమ్మ. మూడోసారి చేస్తే దెకెమ్హారెలో పిన్ని ఇంటికెళ్ళిందన్నాడు.

ఇక్కడ మా మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. చావు కబురు మేం ఫోనులో చెప్పం. దూరాన ఉన్నవాళ్ళకి ఎవరైనా పోతే, "ఊరెళ్ళారు, నిద్రపోతున్నారు, బాగానే ఉన్నారు" అంటూ నెలలు, ఏళ్ళు కూడా దాస్తాం. తెల్లవారుజామున పెద్దలు నలుగురూ కలిసి ఇంటికెళ్ళి, పట్టుకోవడానికి మనుషులు ఉండగా చెప్పడమే మర్యాద. అందుకే మా దగ్గర "బాగుంది" అన్న మాటకి గుండె ఝల్లుమంటుంది.

పక్కింటి అరెగాష్ వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆమెది ఓదార్చబోయి పుండు కెలికే రకం.

"మా నాన్నప్పుడూ ఇంతే వదినా. పుణ్యతీర్థానికి వెళ్ళాడని చెప్తూనే ఉన్నారు. నేను పిచ్చిదాన్ని, ఆయనకి చెప్పులు కొని పంపాను."

"నోర్మూసుకుని సువా తాగు," అంది కుదుసాన్. అమ్మ ఉందా, పోయిందా? ఆ రోజు నుంచి ఆమెకి అదొక్కటే ప్రశ్న.

వానలు వెనకబట్టాక వచ్చే మా కొత్త సంవత్సరం రోజున సరిహద్దు తెరుస్తారని కబురు వచ్చింది. దానికి ముందు రెండు వైపుల సైనికులూ కలిసి మందుపాతరలు ఏరారు, కందకాలు పూడ్చారు. నిన్నటిదాకా ఒకరి మీద ఒకరు తుపాకులు గురిపెట్టుకున్న కుర్రాళ్ళు ఒకే పలుగు చేతులు మార్చుకుంటూ తవ్వడం కుదుసాన్ కళ్ళారా చూసింది. కుండ నెత్తిన పెట్టుకెళ్ళి ఇరువైపులవాళ్ళకీ సువా పోసింది. అటువైపు కుర్రాడొకడు గుటక వేసి, "మా అమ్మ చేసినట్టే ఉంది," అన్నాడు. ఆమెకి ఎంత సంతోషం కలిగిందంటే వాడికి మరో గిన్నె నింపి, డబ్బివ్వబోతే తిట్టి పంపింది.

ప్రయాణానికి కొత్త నెత్సెలా కొన్నది. తెల్లటి పలుచని నూలు వస్త్రం, కొసన ఆకుపచ్చ అంచు. మా ఆడవాళ్ళు దాన్ని భుజాల మీదుగా కప్పుకుంటారు. మామూలు రోజుల్లో, పండగల్లో అంచు కిందికి వేలాడుతుంది. మైలలో ఉన్నవాళ్ళు తిరగేసి, అంచు మెడ దగ్గరకు వచ్చేలా కప్పుకుంటారు. చూసినవాళ్ళకి ఇక ఏమీ చెప్పనక్కర్లేదు.

పండగ పొద్దున ఆమె దాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏం చూస్తున్నావ్? కప్పుకో. జనం బయల్దేరిపోతున్నారు," అన్నాడు కహ్సాయ్.

"ఎటు తిప్పి కప్పుకోవాలయ్యా?"

ఆయనకి అర్థమైంది. దగ్గరికొచ్చి ఆ బట్ట అందుకుని, అంచు కిందికి వచ్చేలా తనే భార్య భుజాల మీద వేశాడు. "ఎవరూ చెప్పకముందే మీ అమ్మని నువ్వే చంపుతావా? నడువు."

దారి పొడవునా పసుపు పూలు విచ్చుకుని ఉన్నాయి. వాటిని కోసి జడల్లో, లారీల అద్దాల్లో, తుపాకీ గొట్టాల్లో కూడా పెట్టేశారు. బ్యాండు మోగుతోంది. నాలుక ఆడిస్తూ ఆడవాళ్ళు వేసే ఆనందపు కేకలు కొండకి తగిలి తిరిగి వస్తున్నాయి. కుదుసాన్ ఒక చేత్తో సువా కుండ, ఒక చేత్తో తేనె డబ్బా పట్టుకుని పరుగులాంటి నడక నడుస్తోంది. కహ్సాయ్ వెనకబడ్డాడు. భయం ఉంది, కాని కాళ్ళకి ఆ భయం తెలియడం లేదు. ఇరవై ఏళ్ళుగా దూరం నుంచి చూస్తూ వచ్చిన ఆ మలుపు దాటుతున్నానన్న ఉత్సాహం ముందుకు తోస్తోంది.

సరిహద్దు గేటు దగ్గర అడ్డు దుంగ లేదు. అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు దాటేశారు. ఎవరు ఎవరిని కావలించుకుంటున్నారో తెలియదు. ఒక ముసలాయన కుదుసాన్ని పట్టుకుని బావురుమని, ముఖం చూసి, "క్షమించు తల్లీ, మా మరదలనుకున్నాను," అని మళ్ళీ ఏడ్చాడు. ఆమె కూడా ఆయనతో కలిసి ఏడ్చి, నవ్వి, ముందుకు నడిచింది.

అప్పుడు యెమానె కనిపించాడు. ఫోనులో పంపిన ఫొటో వల్ల గుర్తుపట్టింది. తల నెరిసింది. అటు నుంచి వచ్చిన బస్సు మెట్టు మీద నిలబడి ఎవరో పాత స్నేహితుడి కౌగిలిలో చిక్కుకున్నాడు. అతని పక్కన బక్కపలచటి ముసలావిడ ఒకరున్నారు. అమ్మ లేదు. అమ్మ అంటే నిలువెత్తు మనిషి, గోధుమ బస్తా ఒంటిచేత్తో గాడిద మీదికి ఎత్తిన మనిషి. ఆ ముసలావిడ నెత్సెలా వైపు కుదుసాన్ చూపు పోయింది.

అంచు మెడ దగ్గర ఉంది.

కుదుసాన్ చేతిలో కుండ జారింది. ఆమె రోడ్డు మీదే కూలబడి, భుజాల మీది బట్టను తిరగేయబోయింది. "అమ్మా, ఒక్కసారి కనపడకుండానే పోయావా," అంటూ ఆ బొంగురు గొంతుతో శోకం పెట్టింది. పండగ మధ్యలో ఆ ఏడుపు విని చుట్టూ జనం వెనక్కి తగ్గారు.

మావాళ్ళలో ఏడుపు వినపడితే తెలిసినవారా కాదా అని చూడరు. వెళ్ళి పక్కన కూర్చుంటారు. ఆ ముసలావిడ కూడా అలాగే జనాన్ని తోసుకుంటూ వచ్చి, పక్కన చతికిలబడి, వీపు నిమిరింది.

"ఏడువు తల్లీ, ఏడువు. ఎవరు పోయారు నీకు?"

"మా అమ్మ."

"ఏ ఊరు ఆవిడది?"

"సెనాఫె."

"సెనాఫెనా? మా ఊళ్ళో నేనెరగని చావుందా? ఎవరి కూతురివే నువ్వు?"

"తిబ్లెత్స్ కూతుర్ని. ఆవిడే పోయింది."

ముసలావిడ చెయ్యి వీపు మీద ఆగిపోయింది. కుదుసాన్ గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. చాలాసేపు చూసింది.

"తిబ్లెత్స్‌ని నేనే," అంది. "నేనెప్పుడు పోయానే? పోయింది నువ్వు కదే."

యెమానె పరుగెత్తుకొచ్చాడు. ఇద్దర్నీ నేల మీద చూసి తనూ కూలబడ్డాడు.

"నేనేం చెయ్యనక్కా? యుద్ధంలో మీ ఊరు నేలమట్టమైందన్న రోజు నుంచి అమ్మ నెత్సెలా తిప్పేసుకుంది. నువ్వు బతికున్నావని ఖార్తూమ్ నుంచి కబురొచ్చినా నమ్మలా. ఓదార్పుకి అలాగే చెప్తారు అంది. మొన్న నువ్వు ఫోన్ చేస్తే చెవి పెట్టి విని, ఇది మగాడి గొంతు, ఎవర్నో కూలికి పెట్టావు, నన్ను ఏమార్చకు అని కసిరికొట్టింది. నువ్వు పోయావని అమ్మ మైల పట్టిందని నీతోనే ఎలా చెప్పను? అందుకే గుడికెళ్ళిందన్నా, పడుకుందన్నా..."

"అబద్ధం ఆడినా ఒకటే ఆడాలిరా వెధవా," అంది తిబ్లెత్స్. "మరి ఇవాళ వీడు చెయ్యి పట్టి లాక్కొస్తే వచ్చా. నీ ఇల్లున్న చోటైనా చూసి ఏడ్చి పోదామని." కూతురి ముఖం మీది నుంచి ఆమె చూపు కదలడం లేదు. "గొంతు నీది కాదు. జుట్టు నీది కాదు. ఆ ముక్కు మాత్రం ఖచ్చితంగా మీ నాన్నదే."

కుదుసాన్ నవ్వింది. ఏడుపు ఆగకుండానే నవ్వింది. చుట్టూ నిలబడ్డవాళ్ళకి సంగతి అర్థమై, ఒకావిడ మొదలెట్టిన ఆనందపు కేకను పదిమంది అందుకున్నారు. కహ్సాయ్ ఆయాసపడుతూ అప్పుడే చేరాడు. పగిలిన కుండ పెంకులో మిగిలిన గుక్కెడు సువా ఒలికిపోకుండా ఎత్తి పట్టుకుని, ఎవరు పోయారో ఎవరు బతికారో తెలియక అందరి ముఖాలూ చూస్తున్నాడు.

"అత్తకివ్వవయ్యా," అంది కుదుసాన్.

తిబ్లెత్స్ ఆ పెంకు అందుకుని గుక్క వేసింది. నాలుక మీద నిలిపి, మింగి, తల ఊపింది. "గేషో ఆకు ఎక్కువేశావు. చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నా, వింటేగా."

కుదుసాన్ లేచి మోకాళ్ళ మీద నిలబడింది. తల్లి భుజాల మీది పాత నెత్సెలా అందుకుంది. ఇరవై ఏళ్ళు మెడకి ఒరుసుకుని దాని అంచు రంగు వెలిసిపోయింది. తల్లి చేతులు పైకెత్తి కదలకుండా కూర్చుంది. కూతురు ఆ బట్టను విప్పి, దులిపి, తిరగేసి, అంచు కిందికి వచ్చేలా మళ్ళీ కప్పింది.