యాదమ్మ పెద్దమ్మగానే ఉండిపోయింది

నిన్న ఆదివారం, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం ఒకటి బేరం చేస్తుండగా ఫోన్ మోగింది.

"తాతా, పెద్దమ్మ పోయింది" అంది మంజుల.

పుస్తకం అక్కడే పెట్టేశాను. కాసేపటికి చూసుకుంటే నాంపల్లి స్టేషన్ ముందు నిలబడి ఉన్నాను. యాదమ్మ ఇల్లు అటు కానే కాదు.

యాదమ్మ మా గల్లీలో చీరలకు ఫాల్, పీకో కుట్టేది. నేను బడిలో చదివింది ఏడో క్లాసు. మిగతాదంతా ఆదివారం ఫుట్‌పాత్ యూనివర్సిటీ. అందులో సగం అట్టలు ఊడిన లా పుస్తకాలు కావడంతో గల్లీలో నేను కోటు లేని వకీలునయ్యాను. అదొక పెద్ద కథ, ఇప్పుడొద్దు.

పదహారేళ్ల కిందట యాదమ్మ చెల్లెలు చనిపోయింది. ఆమె భర్త ఎటో పోయాడు. వాళ్ల ఆరేళ్ల పిల్ల మంజులను పిల్లల హోమ్‌లో పెట్టారు.

యాదమ్మ ప్రతి వారం చూసొచ్చేది. తిరిగొచ్చేటప్పుడు పిల్ల కొంగు వదిలేది కాదట.

శాశ్వతంగా ఇంటికి తెచ్చుకోవాలంటే కోర్టు కాగితం కావాలన్నారు.

నేను దర్జాగా దత్తత అర్జీ రాసి చదివి వినిపించాను. తల్లి అన్నచోట యాదమ్మ పేరు.

కుట్టు మిషన్ ఆగింది.

"ఏందన్నా గిది? మా చెల్లె పేరు ఏడ వోయింది?"

"దత్తత అంటే అంతేనమ్మా. ఇక నువ్వే అమ్మవి."

"అది సచ్చిపోయిందని దాని బిడ్డను గుంజుకుంటనా? నేను పెద్దమ్మను. పెద్దమ్మ లెక్కనే తెచ్చుకుంట. గసొంటి కాయిదం లేదా నీ బుక్కుల్ల?"

ఉంది. గార్డియన్‌షిప్. రెండు పేజీల తర్వాతే ఉంది. నేనే తిప్పలేదు.

కోర్టు ఆర్డర్ వచ్చిన రోజు, మా కేసు వేసిన అసలు లాయరమ్మ వివరించింది. తల్లి పేరు అలాగే ఉంటుంది, పిల్ల బాధ్యత యాదమ్మది, పద్దెనిమిదేళ్లు నిండేదాకా.

"నిండినంక నేనేమన్న చిన్నమ్మనైతనా మేడం?" అంది యాదమ్మ.

లాయరమ్మ ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మంజులకు ఇప్పుడు ఇరవై రెండు. బషీర్‌బాగ్‌లో ఉద్యోగం. పద్దెనిమిది నిండిన రోజున, అంటే ఆ ఆర్డర్ గడువు తీరిన రోజున, ఇద్దరూ కలిసి ఇంటికి కొత్త కర్టెన్లు కొనుక్కొచ్చారు.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక ఇంటి ఓనర్ మెల్లగా అడిగాడు.

"ఇగ ఎటు పోతవు బిడ్డా? హాస్టల్ ఏమన్న చూసుకుంటవా?"

మంజుల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. అయినా తడుముకోలేదు.

"ఎటు పోత అంకుల్? మా ఇల్లు గిదే గద."

వెళ్లిరా యాదమ్మా. పిల్ల ఇంట్లోనే ఉంది. నువ్విక నిశ్చింతగా నిద్రపో.