సంధ్యారాణికి ముందే తెలిసిన కొలత

సంధ్యారాణికి తన కన్ను మీద మహా గర్వం. గోదావరిఖని ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో, క్వార్టరు ముందుగదిలో రెండు మిషన్లు వేసి ‘శాండీ ఫ్యాషన్స్’ అని బోర్డు కట్టుకుంది. ముప్పై రెండేళ్ళ మనిషి. గుమ్మంలో అడుగుపెట్టిన ఆడదాన్ని చూడగానే నడుము ఎన్ని అంగుళాలో చెప్పేస్తుంది. చెప్పి ఊరుకోదు, రెండు తగ్గించుకొమ్మని సలహా కూడా ఇస్తుంది.

ఆ ఏడు కమ్యూనిటీ హాల్లో మహిళా సంఘం పెట్టిన ఫ్యాషన్ షోకి బట్టలు కుట్టే పని ఆమెకు దొరికింది. ఎనిమిది లెహంగాలు, ఒక షేర్వానీ. ఇది నెగ్గితే కాలనీలో పెళ్ళిళ్ళ కుట్టుపనంతా ఆమెదే. చెడితే ఆ బోర్డు విప్పుకోవాల్సిందే.

షేర్వానీ తొడుక్కోవాల్సిన వాడికి సెకండ్ షిఫ్టు పడింది. బదులుగా వెనక వీధిలో ఉండే, బొగ్గుగనిలో డంపర్ నడిపే కిషన్‌ను పట్టుకొచ్చారు. ఇతను రోజూ డ్యూటీకి పోతూ ఆమె కిటికీ ముందు బండి నెమ్మది చేస్తాడు. ఎందుకో కాలనీ అంతటికీ తెలుసు. ఆ ఇద్దరే ఏమీ ఎరగనట్టు ఉంటారు.

ఆడవాళ్ళకు కుట్టే మనిషి మగవాడి ఒంటికి టేపు పెట్టదు. “కొలతకు ఆది అంగి పంపుమను,” అంది. ఇస్త్రీ చేసిన, మల్లెపువ్వులాంటి తెల్లచొక్కా వచ్చింది. దాన్ని బల్ల మీద పరవగానే ఆమెకు అర్థమైంది, అది కిషన్‌ది కాదు. భుజం దగ్గరే రెండు అంగుళాలు తక్కువ. అడగాలి. అడిగితే, నా భుజం నీకెట్ల తెలుసు అంటాడేమో. రోజూ కిటికీలోంచి చూస్తున్నానని ఏ నోటితో చెబుతుంది? నోరు మూసుకుని ఆ చొక్కా కొలతకే గుడ్డ కత్తిరించింది.

షోలో కిషన్ ఊపిరి బిగబట్టి నడిచాడు. చివర దండం పెట్టడానికి చేతులెత్తాడు. వీపు మీది కుట్టు మెడ నుంచి నడుము దాకా విచ్చుకుంది. హాలంతా నవ్వు.

సంఘం పెద్ద సారవ్వ స్టేజీ ఎక్కింది. “ఏంది పిల్లా గీ కుట్టుడు?”

“ఆది అంగికి నూలుపోగు తేడా లేదక్కా. గీ మనిషి ఏం తిని పెరిగిండో నాకేం తెలుసు?” అంది సంధ్యారాణి.

కిషన్ తల దించుకున్నాడు. “తప్పు నాదే సారక్కా. నా అంగీలన్నీ బొగ్గు మురికి పట్టినయ్. ఆమె చేతికియ్య సిగ్గైంది. ఆఫీసుల పనిచేసే నర్సింగమన్న అంగి అడుక్కొచ్చి పంపిన.”

ఆమె పేరు నిలబడింది. వారంలో మూడు పెళ్ళిళ్ళ పని వచ్చింది. కిషన్‌ను మాత్రం గని మీద అందరూ నర్సింగం అనే పిలుస్తున్నారట. అతని బండి ఇప్పుడు వేరే వీధిలోంచి పోతోంది. మిషన్ ముందు కూర్చుంటే ఆమె కాలు ఆడటం లేదు. స్టేజీ మీద తానన్న మాట గుర్తొస్తే చెవులు కాలిపోతున్నాయి.

కూతురి జాకెట్లు తెచ్చిన సారవ్వ మళ్ళీ ఆ సంగతి ఎత్తి నవ్వింది.

“నవ్వకక్కా. గా అంగి ఆయనది కాదని నాకు ముందే తెలుసు.”

“ఎట్ల తెల్సే?”

సంధ్యారాణి చూపు కిటికీ మీదికి పోయింది. సారవ్వ ఆమె ముఖం చూసి, కిటికీ చూసి, మళ్ళీ ముఖం చూసింది. “తెల్సే గట్ల అన్నవా మనిషిని? గిది నాకు చెప్పి ఏం ఫాయిదా? ఎవరి ముంగట వాని ఇజ్జత్ పోయిందో వాళ్ళ ముంగట చెప్పు.”

మర్నాడు షిఫ్టు విడిచే వేళకు సంధ్యారాణి గని గేటు దగ్గర నిలబడింది. కిషన్ పదిమందితో బయటికొచ్చాడు. ముఖం, చొక్కా, అన్నీ బొగ్గు.

“నీ అంగి కాదని తెలిసే కుట్టిన,” అందామె, అందరికీ వినబడేటట్టు. “భుజానికి రెండు తక్కువ, ఛాతీకి మూడు తక్కువ. రోజూ చూస్తనే ఉంట. అడిగెతందుకు సిగ్గై అడగలే. తప్పు నీ మీదికి నూకిన.”

గేటు దగ్గర నవ్వులు లేచాయి. ఎవరో ఈల కూడా వేశారు. ఈసారి నవ్వంతా ఆమె మీద పడింది. తల వంచుకుంది గానీ కదల్లేదు.

“మూడు కాదు, రెండున్నరే,” అన్నాడు కిషన్, ఛాతీ తడుముకుంటూ.

“మూడే,” అంది ఆమె, తల ఎత్తకుండానే.