రాగిజావలో గేదె పాలు

మా అబ్బాయికి ఇప్పుడు మీసాలు వచ్చాయి. వాడు తల్లి దగ్గర పాలు తాగే రోజుల నుంచీ ఒక మాట నా లోపల ఉండిపోయింది. మొన్నటిదాకా బయటికి రాలేదు, అరగనూ లేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసినవాళ్లకు చెప్పబోతే మధ్యలో ఎక్కడో నన్ను నేను కాస్త మంచివాణ్ణి చేసుకుంటానేమోనని భయం.

మా ఆవిడ తిండిలో ఆవిడకు తెలియకుండా నేను పాలు కలిపాను. ముందు ఈ వాక్యం రాసేస్తే మిగతాది రాయగలననిపించింది.

మాది ఏలూరు. మండవల్లి దగ్గర చేపల చెరువులున్నాయి. చెరువుల మీద బతికేవాడికి ఒక అలవాటు పడుతుంది. కొత్త మేత వస్తే అన్ని చెరువుల్లోనూ వేయం. ఒకదాంట్లో వేసి, పక్కదాంట్లో పాతదే ఉంచి, కొన్నాళ్లు చూస్తాం. ఒకేసారి రెండు మార్చామా, ఏది పనిచేసిందో తెలియదు. ఇలా చూడటమంటే నాకు మహా ఇష్టం. తవుడు సంచులకు కన్నాలు పెట్టి నీళ్లలో కర్రలకు కట్టించి, చేపలు ఏ సంచి దగ్గర ఎక్కువ మూగుతాయో చూస్తూ గట్టు మీద పూటలు గడిపేవాణ్ణి. అదొక మంచి గుణమనుకునేవాణ్ణి. ఇప్పటికీ పూర్తిగా కాదనలేను.

బాబుకి మూడో నెలలో విరేచనంలో జిగురు, రక్తపు చారలు కనిపించాయి. బుగ్గల మీద ఎర్రటి పొక్కులు. పాలు తాగుతూ తాగుతూ మెలికలు తిరిగిపోయి ఏడ్చేవాడు. ఏలూరులోనే పిల్లల డాక్టరుగారు చూసి, ఆవు పాలు పడటం లేదని అనుమానంగా ఉందన్నారు. వాడు తాగేది తల్లిపాలే కదా అని మేం తెల్లబోయాం. తల్లి తిన్న పాల పదార్థంలోది కాస్త ఆవిడ పాలలోకి దిగుతుందట. కొందరు పిల్లలకు ఆ కాస్తా పడదట. తల్లిపాలు ఆపవద్దు, తల్లే పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి మానాలి అని చెప్పి, ఆవిడకు కాల్షియం మాత్రలు రాశారు.

మా అమ్మకు ఇది నచ్చలేదు. మేక పాలు పట్టిద్దామంది. వీధిలోకి గాడిద పాలమ్మే అతను వచ్చినప్పుడల్లా నావైపు చూసేది. డాక్టరుగారు రెండూ వద్దన్నారు. మేక పాలైనా గేదె పాలైనా ఆవు పాలకు దగ్గరివేనని, పచ్చిపాలు ఏవైనా పసివాడికి ప్రమాదమని, అన్నిటికంటే తల్లిపాలే మేలని అన్నారు.

మా ఆవిడకు పెరుగు కలుపుకోకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. అలాంటి మనిషి చారన్నంతో లేచిపోవడం మొదలుపెట్టింది. బిస్కెట్టు పొట్లాం మీద అచ్చేసిన చిన్న అక్షరాలు కూడా చదివి పక్కన పెట్టేసేది. రెండు మూడు వారాల్లో బాబుకి నెమ్మదించింది. రక్తం లేదు. బుగ్గలు నున్నబడ్డాయి.

సంతోషించాలి కదా? సంతోషించాను. కానీ బుర్రలో పురుగు తొలవడం మొదలైంది. కడుపునొప్పికని మా అమ్మ బాబుకి పోసే చుక్కల మందు కూడా డాక్టరుగారు ఆ రోజే ఆపించారు. అంటే రెండు మార్పులు. తగ్గింది దేనివల్ల? పైగా మా ఇంట్లో వాడేవి గేదె పాలు. ఆవు పాలు పడకపోతే గేదె పాలు మానడమెందుకు? డాక్టరుగారు చెప్పారు, నిజమే. చెప్పినంత మాత్రాన నాకు తెలిసినట్టు కాదు కదా. నా కళ్లతో చూడాలి.

ఆవిడ చిక్కిపోతోంది, అనుమానం తప్పని తేలితే మళ్లీ పెరుగన్నం తింటుంది, ఇది ఆవిడ కోసమే అని కూడా అనుకున్నాను. ఆ జాలి నిజమేనా, లేక నా కుతూహలానికి తొడిగిన చొక్కానా? ఇన్నేళ్లుగా తిరగేసి చూసుకుంటున్నాను. జాలి ఉంది. కానీ జాలే అయితే ఆవిడను అడిగేవాణ్ణి. అడిగితే ఒప్పుకోదని తెలుసు కాబట్టి అడగలేదు.

అప్పటిదాకా మా ఇంట్లో ఉండి కూతురికి వండిపెట్టిన మా అత్తగారు వాళ్ల ఊరు వెళ్లాక, పొద్దున పూట రాగిజావ నేనే కాసిచ్చేవాణ్ణి. బెల్లం వేసి, నీళ్లతో. ఒక పొద్దున సగం గ్లాసు గేదె పాలు పోసి కాచాను. రాగుల రంగులో తెలుపు కనపడలేదు.

ఆవిడ రెండు గుక్కలు తాగి తలెత్తింది.

"ఇవాళ జావ భలే కమ్మగా ఉందండీ. ఏం వేశారేంటి?"

"ఏం లేదు. ఇంకాసేపు ఉడికించాను."

"అయితే రోజూ ఇలాగే ఉడికించండి. మీకు వంట వచ్చేస్తోంది, జాగ్రత్త" అని నవ్వింది.

ఆ నవ్వు చూసి కూడా ఆపలేదు. నాలుగైదు రోజులు పోశాను. మొదట ఏమీ కాలేదు. నాకు లోపల ఒకరకమైన హుషారు కూడా వచ్చింది, అది దాచను. తర్వాత బాబు గుడ్డ మీద మళ్లీ రక్తం కనిపించింది. ఈసారి ముందుకంటే ఎక్కువ.

ఆ పూటే పాలు పోయడం మానేశాను. నాకు కావలసిన జవాబు దొరికింది. అప్పుడు చెప్పాల్సింది.

ఆవిడ డాక్టరుగారి ముందు కూర్చుని, నేనేం తినలేదండీ, ఒట్టండీ, అని ఒక్కో పూట తిన్నవన్నీ అప్పజెప్పింది. జావ కూడా చెప్పింది. నీళ్లతోనే కాచామంది. డాక్టరుగారు నావైపు తిరిగారు.

"ఇంట్లో ఎవరైనా తెలియక ఏమైనా కలిపారేమో, గుర్తు చేసుకోండి."

"లేదండీ" అన్నాను.

పాలు పోసినందుకంటే ఈ మాటకే నేను ఎక్కువ జవాబు చెప్పుకోవాలి. నా మాట నమ్మబట్టే ఆయన దారి మార్చారు. ఇంత గట్టిగా మానేసినా తగ్గలేదంటే, మాంసకృత్తులను బాగా విడగొట్టి చేసిన ప్రత్యేకమైన డబ్బా పాలు పట్టి చూద్దాం, తల్లిపాలు ప్రస్తుతానికి ఆపుదాం అన్నారు. డబ్బా బెజవాడ నుంచి తెప్పించాం. చేదు వాసన. వాడు ఉమ్మేసేవాడు, తల్లి రొమ్ము కోసం వెతుక్కునేవాడు. ఆవిడ పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకునేది. పాలు గడ్డకట్టి జ్వరం వచ్చింది. పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కట్టమన్నారు పెద్దవాళ్లు. ఆ పూలు బజారు నుంచి తెచ్చింది నేనే. పొట్లం విప్పి మా అమ్మ చేతికిచ్చాను. అప్పటికి పాలు ఇంకా ఉన్నాయి. అప్పుడు చెప్పినా సరిపోయేది.

ఎందుకు చెప్పలేదు? భయం అంటే తేలిగ్గా తప్పించుకున్నట్టవుతుంది. రేపు చెబుదామనుకున్నాను. పాలు ఇంకిపోయాక, ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఈ రెండు మాటల మధ్య వారం కూడా లేదు.

డబ్బా పాలకు బాబు కోలుకున్నాడు. జావలో పాలు ఆగాయి కాబట్టి తల్లి దగ్గరున్నా కోలుకునేవాడని నాకొక్కడికే తెలుసు. తర్వాత్తర్వాత వాడికి అన్ని పాలూ పడ్డాయి. ఇప్పుడు పెరుగు గిన్నె వాడి పక్కన పెడితే మాకు మిగలదు. ఆవిడకు మాత్రం ఒక మాట మిగిలిపోయింది. 'నా పాలు నా బిడ్డకే పడలేదు.' దాన్ని ఏడుస్తూ చెప్పేది, తర్వాత మామూలుగా చెప్పేది, ఆ తర్వాత పక్కవాళ్లకు సలహాగా చెప్పేది. రెండో కాన్పు వద్దంది. కారణాలు చాలా చెప్పింది. ఇది చెప్పలేదు. నేను అడగలేదు.

మొన్న పెంటపాడు వెళ్లాం. మా వదినగారమ్మాయి, అంటే మా ఆవిడ అక్క కూతురు, పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. పాపకు అవే లక్షణాలు. కారులో తాడేపల్లిగూడెం ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ కూడా తల్లినే పాలూ పెరుగూ మానమంది. ఇంకో మాట కూడా అంది. పాపకు తగ్గాక తల్లి మళ్లీ పాలు తాగి చూడాలట. పాపకు మళ్లీ రక్తం వస్తే అప్పుడు కారణం అదేనని తేలుతుందట.

నేను చేసింది వైద్యంలో ఉన్న పనేనన్నమాట. ఎవరో ఒకరు మా ఆవిడకు చెప్పి చేయించవలసిందే. చెప్పి చేస్తే పరీక్ష. చెప్పకుండా చేస్తే? దానికి పేరేమిటో నాకు ఇంకా దొరకలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వదినగారు మందుల కోసం దిగారు. వెనక సీట్లో మా ఆవిడ ఆ పిల్లతో, నా మాట విను, ఈ పథ్యాలన్నీ నేనూ చేశాను, మన పాలే పడనప్పుడు ఏం చేసినా అంతే, ఇవాళే డబ్బా మొదలుపెట్టెయ్యి అంటోంది. ఆ పిల్ల తల ఊపుతోంది.

"నీ పాలు పడకపోవడం కాదు. జావలో నేను పాలు పోశాను" అన్నాను. ఎదురుగా రోడ్డునే చూస్తూ.

మా ఆవిడ అడిగింది.

"కమ్మగా ఉందన్నానే, అదా?"

"అదే."

ఆవిడ ఆ పిల్ల వైపు తిరిగి, "డాక్టరమ్మ చెప్పినట్టే చెయ్యి. పాపకు నీ పాలివ్వడం మాత్రం మానకు" అంది. పెంటపాడు దాకా పాపను తన ఒళ్లోనే పెట్టుకుంది.

మర్నాడు ఇంట్లో అంది. "మా ఇద్దరికే చెప్పి ఊరుకుంటే ఎలాగండీ? నేనెంతమందికి చెప్పానో."

పుట్టింటివాళ్లకు చెప్పిందట. ద్వారకా తిరుమల క్యూలో ముందు నిలబడ్డ చంటిపిల్ల తల్లికి చెప్పిందట. బస్సుల్లో, ఆసుపత్రి బెంచీల మీద, పేరైనా తెలియని ఆడవాళ్లకు చెప్పిందట. "నా మాట విని ఎవరెవరు పిల్లలకు పాలివ్వడం మానేశారో" అంది.

చుట్టాలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. ఇప్పుడెందుకురా అవన్నీ అన్నారు కొందరు. ఆవిడ ఆ మాట అనలేదు. క్షమించాననీ అనలేదు. పనులన్నీ మామూలుగానే నడుస్తున్నాయి. నేను కలిపిచ్చిన కాఫీ మాత్రం తాగడం లేదు, తనే కలుపుకుంటోంది.

ఫోన్ చేయడానికి వీల్లేనివాళ్లు మిగిలారు, ఆ క్యూలోనూ బస్సుల్లోనూ కలిసినవాళ్లు. అందుకే ఇది రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక నాకు చెందుతుందో లేదో తెలియదు. తన పాలు తన బిడ్డకు పడలేదని ఎప్పుడో మీ పక్కన కూర్చుని ఎవరైనా చెప్పి ఉంటే, ఆవిడ మా ఆవిడే కావచ్చు. ఆవిడ మీకు అబద్ధం చెప్పలేదు. ఆవిడకు తెలియదు. పాలు పోసింది నేను. అడిగినప్పుడు లేదన్నదీ నేనే.