పెళ్ళిచూపుల్లో నేను చేసిన ప్రసంగం

పెళ్ళిచూపులకు వెళ్ళి, పిల్లని చూడకముందే పిల్ల తాతగారిని పరలోకం గుమ్మం బయట నిలబెట్టిన పెళ్ళికొడుకు మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇదిగో, నేనున్నాను! ఈ ఘోరం చదవబోయే ముందు మీ చేతిలో టీ ఉంటే వేడిగా ఉండగానే తాగేయండి. చల్లారనిస్తే ఏమవుతుందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అప్పట్లో నేను గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. వయసు పాతిక దాటింది, జ్ఞానం మాత్రం వందేళ్ళ ముసలాడిది. ఆ జ్ఞానమంతా నా ఫోన్లోంచి వచ్చింది. ఒక ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ తిని, నడుం వాల్చి వీడియోలు తిప్పుతుంటే ఒక బోధకుడు కనిపించాడు. క్రీస్తు సిలువ మీద ప్రాణం పెట్టింది లోకంలో అందరి కోసం కాదట. దేవుడు ముందుగానే ఏర్పరచుకున్న కొందరి కోసమేనట. ఆ ఏర్పాటు కూడా వాళ్ళలో ఏదో మంచి చూసి చేసింది కాదు, కేవలం ఆయన ఇష్టమట. అంతే, నాకు పూనకం వచ్చేసింది! పుట్టినప్పటి నుంచి మా చర్చిలో "అందరి కోసం" అని చప్పట్లు కొట్టి పాడినవాణ్ణి, బిర్యానీ అరిగేలోపల "కొందరి కోసమే" పార్టీలో చేరిపోయాను. ఆ కొందరిలో నేనున్నానా లేదా అన్న అనుమానం మాత్రం నాకు ఒక్కసారి కూడా రాలేదు. గమనించారా?

ఆ తర్వాత నా చేతికి చిక్కినవాడు చిక్కినట్టే. మిర్చి యార్డు దగ్గర టీ బంకులో జనం ఘాటుకు తుమ్ముతుంటే, ఆ తుమ్ముల సందుల్లోంచి సిద్ధాంతం చెప్పేవాణ్ణి. పాపం, వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు చూసి నా బోధ వల్లే అనుకునేవాణ్ణి. మా పాస్టరుగారు నన్ను దూరం నుంచి చూసి బండి వెనక్కి తిప్పేసేవారు.

ఈ పూనకం మధ్యలో నాకు ప్రేమ కూడా పుట్టింది. ఒంగోలులో స్నేహితుడి పెళ్ళికి వెళ్తే, ఒకమ్మాయి పాట పాడుతూ మధ్యలో ఆగి, "కీబోర్డు అన్నయ్యా, నీ సౌండు తగ్గించు, పెళ్ళికొడుకు అదిరిపోతున్నాడు" అంది. అందరూ నవ్వారు. నేను మాత్రం ఇంటికొచ్చాక కూడా అన్నం సరిగ్గా తినలేదు. పేరు కరుణ, నర్సు. కనిగిరి దారిలో ఒక పల్లె వాళ్ళది. వాళ్ళ నాన్న ఇమ్మానుయేలు మాస్టారు, రిటైరైన టీచరు, వాళ్ళ సంఘానికి పెద్ద. అమ్మ కాళ్ళావేళ్ళా పడి సంబంధం కబురు పంపించాను. ఈ అమ్మాయి కాకపోతే ఇంకెవరూ వద్దని కూడా చెప్పేశాను.

కారులో అమ్మ దారిపొడవునా పాఠం చెప్పింది.

"ఒరేయ్, అక్కడ నోరు అదుపులో పెట్టుకో."

"ప్రార్థన చెయ్యమంటే?"

"చెయ్యి. ఆమెన్ దగ్గర ఆపు."

"వాక్యం చెప్పమంటే?"

"ఏదో ఒక కీర్తన చదివి కూర్చో. ఏర్పాటూ గీర్పాటూ అన్నావో, తిరిగొచ్చేటప్పుడు కారులోంచి దించేస్తా. నడిచొద్దువుగాని."

మా వాళ్ళ పెళ్ళిచూపులు మీరు చూసి ఉండకపోతే కాస్త చెప్పాలి. అది చిన్న ప్రార్థన కూడికలా ఉంటుంది. ముందు పాట, తర్వాత ప్రార్థన, ఆ తర్వాత పెళ్ళికొడుకుని "ఒక మంచి మాట చెప్పు బాబూ" అంటారు. నిజానికి ఆ మాట ఎవరికీ అక్కర్లేదు. పిల్లాడికి నత్తి ఉందా, పెద్దల ముందు వణుకుతాడా అని చూడ్డానికే అది. పిల్లాడు రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాడు, పెద్దలు ఆమెన్ అంటారు, పలహారం వస్తుంది, ఆ వెనకే టీ పట్టుకుని పిల్ల వస్తుంది. ఈ వరసలో సిద్ధాంతానికి ఎక్కడా చోటు లేదు.

నేను బుద్ధిగా కీర్తన చదివాను. రెండు ముక్కలు చెప్పాను. కూర్చున్నాను కూడా! అమ్మ మొహం వెలిగిపోయింది. లోపలి నుంచి వేడి పునుగుల వాసన వచ్చింది. ఇంతలో మాస్టారు కళ్ళు మూసుకుని, "అందరి కోసం ప్రాణం పెట్టిన ప్రభువా, నీకు స్తోత్రం" అన్నారు.

ఆ "అందరి కోసం" చెవిన పడగానే నా ఒళ్ళంతా జివ్వుమంది. ఆయన ఆమెన్ అనేదాకా ఎలా ఆగానో నాకే తెలియదు.

"మాస్టారూ, ఒక చిన్న సవరణ."

అమ్మ నా తొడ మీద గిల్లింది. ఆ గిల్లుడికి మామూలు మనిషైతే ఆసుపత్రికి వెళ్తాడు. నేను లేచి నిలబడ్డాను.

"సవరణేంటి బాబూ?" అన్నారు మాస్టారు.

"అందరి కోసం కాదండీ. ఏర్పరచబడినవాళ్ళ కోసం మాత్రమే."

"అదేంటయ్యా! లోకం కోసమని వాక్యంలో ఉంది కదా?"

"లోకం అంటే లోకమంతా అని కాదండి."

"మరి లోకం అంటే ఏంటి, గుంటూరా?"

అప్పుడు మూలన కుర్చీలోంచి ఒక పెద్దమనిషి చప్పట్లు కొడుతూ లేచాడు. కరుణ మేనమామ జాన్సన్. ఆయన కూడా నేను చూసే వీడియోలే చూస్తాడట!

"అదీ మాట! బావా, ఇన్నాళ్ళూ నేను చెబితే నవ్వావే, ఇప్పుడు చూడు, అల్లుడే చెబుతున్నాడు!"

"అల్లుడెవడు? ఇంకా పిల్లని చూపించలేదు!" అన్నారు మాస్టారు.

ఇక చూడండి నా ఊపు! జాన్సన్‌గారు అందిస్తున్నాడు, నేను అందుకుంటున్నాను, మాస్టారు తిప్పికొడుతున్నారు. చేలో పత్తి తీసి ఇళ్ళకెళ్తున్న ఆడవాళ్ళు మూటలు దించి కిటికీ దగ్గర నిలబడిపోయారు. పెళ్ళిచూపులన్న సంగతి మా అమ్మకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అమ్మ మాత్రం బయట కారు వైపు చూస్తోంది.

అప్పుడు మంచం మీద నుంచి మాస్టారి తల్లి మరియమ్మగారు చెయ్యెత్తింది. గోల ఆగింది.

"అబ్బాయ్, మా ఆయన కోటయ్య బాప్తిస్మం తీసుకోలేదు. ప్రతి ఆదివారం నన్ను సైకిలు మీద గుడి దాకా దింపేవాడు. పాటలు అయ్యేదాకా గోడ బయటే నిలబడేవాడు. లోపలికి రావయ్యా అంటే నవ్వేవాడు. అట్టాగే పోయాడు. ప్రభువు ఆయన కోసం చనిపోయాడంటావా, లేదంటావా?"

బుర్ర ఉన్నవాడెవడైనా ఏమంటాడు? కనీసం దగ్గుతాడు. మంచినీళ్ళు అడుగుతాడు. నేను గొంతు సవరించుకుని, క్లాసులో సమాధానం చెప్పినట్టు చెప్పాను.

"సిద్ధాంతం ప్రకారమైతే, లేదనే చెప్పాలండి."

జాన్సన్‌గారు కూడా నెమ్మదిగా కూర్చున్నాడు. "మరీ అంత మొహం మీదేనా బాబూ" అని గొణిగాడు. మరియమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ముసలామె భుజాలు కదులుతుంటే నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నేర్చుకున్న సిద్ధాంతంలో ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు.

"నేను ఇక్కడ నిలబడి చాలాసేపైంది" అని గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది.

కరుణ! చేతిలో ట్రే. ఎప్పుడు వచ్చిందో, వాదంలో పడి నేను చూడనేలేదు. తిన్నగా వచ్చి ట్రే నా ముందు పెట్టింది.

"ఆయన అందరి కోసం చనిపోయాడో, కొందరి కోసమో నాకు తెలియదండి. టీ మాత్రం నేను అందరి కోసం పెట్టాను. మీరు వాదిస్తుండగానే అందరూ తలా ఒకటి తీసుకున్నారు. మీకిస్తే, చెయ్యి ఊపి పక్కకి పొమ్మన్నారు. ఇదొక్కటే మిగిలింది."

చూస్తే నిజమే. కిటికీ దగ్గర పత్తి కూలీల చేతుల్లో కూడా గ్లాసులున్నాయి! వాదంలో ఎవరో అడ్డొస్తున్నారని నేను చూడకుండా తోసేసింది ఈ చేతినే. నేను చూడ్డానికి వచ్చిన పిల్లని నేనే పక్కకి పొమ్మన్నానన్నమాట.

గ్లాసు అందుకున్నాను. టీ మీద మందంగా మీగడ కట్టింది. ఒక్క గుక్కలో తాగేసి, మంచం దగ్గరికి వెళ్ళి కింద కూర్చున్నాను.

"మామ్మగారూ, నాకు తెలియదండి. గోడ బయట నిలబడ్డాయన సంగతి దేవుడికి తెలుసు. నేను అనకూడని మాట అన్నాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుని నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. "ఈ ముక్క ముందే అనుంటే పునుగులు వేడిగా తినేవాళ్ళం కదరా!"

తిరుగుప్రయాణంలో అమ్మ మాట తప్పలేదు. ఊరు దాటగానే డ్రైవరుతో కారు ఆపించి, "దిగు" అంది. నేను పత్తి చేల మధ్య నడుస్తున్నాను, కారు నా పక్కనే పాకుతోంది. అప్పుడు అమ్మ ఫోను మోగింది. మాస్టారు.

"అమ్మాయికి ఇష్టమేనండీ."

అమ్మ నమ్మలేక అడిగింది, "ఎవరంటేనండీ?"

పెళ్ళయింది. వారం తర్వాత, సంతోషం పట్టలేక కరుణని అడిగాను.

"అంత జరిగాక కూడా నాలో ఏం చూసి ఒప్పుకున్నావు?"

"ఏం చూడలేదు" అంది టీ వడగడుతూ. "మీలో ఏదో మంచి ఉందని కాదు. నా ఇష్టం, ఏర్పరచుకున్నాను. మీరు చెప్పిన సిద్ధాంతమే కదా!"

నేను టీ గ్లాసు అందుకుని, చల్లారేలోపే తాగేశాను.

కాబట్టి పాఠకులారా, మిమ్మల్నందరినీ సాక్షులుగా పెట్టుకుని, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను. పరలోకంలో ఎవరెవరు ఉంటారో ఇకమీదట నేను జన్మలో చెప్పను. ముసలమ్మలు అడిగితే అసలే చెప్పను. జాన్సన్ మామయ్య రోజూ పంపే వీడియోలు తెరవను. ముఖ్యంగా, ఎవరైనా గ్లాసు అందిస్తే, అది అందుకుని చివరి గుక్క దాకా తాగేవరకు నోరు విప్పను.