బాపు చెవి వెనక చుక్క

గోదావరిఖనిలో నాకు ఆడవాళ్ల బ్యూటీపార్లర్ ఉంది. మొహం మీద నల్లగా కనిపించిన ప్రతిదాన్నీ వేలు పెట్టి చూపించి "గిది తీసెయ్యక్కా" అనేవాళ్లతోనే నా రోజు గడుస్తుంది. పుట్టుమచ్చను గోకమనే మహాతల్లులు కూడా వస్తుంటారు. ఆవిరి పట్టి నొక్కితే బయటికొచ్చేది బ్లాక్‌హెడ్. చర్మ రంధ్రంలో పేరుకున్న జిడ్డు గాలికి నల్లబడుతుంది, అంతకుమించి ఏమీ లేదు. పుట్టుమచ్చ ఎంత నొక్కినా రాదు. దాని జోలికి నేను పోను. ఈ తేడా ఏ ఊరి పార్లర్‌లోనైనా చెప్తారు. మా దగ్గర మూడో రకం ఒకటుంది.

గనిలో దెబ్బ తగిలినప్పుడు గాయంలోకి బొగ్గుపొడి పోతుంది. పైన తోలు కమ్ముకుంటుంది, పొడి లోపలే ఉండిపోతుంది. అది నల్లగా కాదు, కాస్త నీలంగా కనిపిస్తుంది. మా బాపు ఒంటి నిండా అవే. ఉద్యోగమంతా భూమి లోపలే చేశాడు. అందుకే మా ఇంట్లో ఎవరి ఒంటి మీద ఏ చుక్క కనిపించినా బొగ్గే అని తేల్చేస్తారు.

రిటైర్మెంట్ దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం బాపు పార్లర్ ముందు నిలబడ్డాడు. ఆఖరి డ్యూటీ రోజు తోటివాళ్లు దండలు వేసి, డప్పులతో ఇంటిదాకా తీసుకొస్తారు.

"జర మొహం సాఫ్ జెయ్ బిడ్డా. ఫోటోల మంచిగ వడాలె," అన్నాడు.

నవ్వు ఆపుకుని షట్టర్ సగం దించాను. ముక్కు మీది బ్లాక్‌హెడ్స్ తీస్తుంటే చిన్నపిల్లాడిలా కాళ్లు తన్నుకున్నాడు. మెడ తుడుస్తుంటే కుడిచెవి వెనక పెసరగింజంత చుక్క కనిపించింది. అంచు వంకరటింకరగా ఉంది. దూది తగిలితే రక్తం చెమర్చింది.

"గిదేంది బాపూ?"

"బొగ్గే. కొత్తగ జూస్తున్నవా?"

సాయంత్రం అమ్మనడిగాను. ఆయన తలకు నూనె రాసేది ఆమే. "మొన్న దసరాకు ఆవగింజంత ఉండె," అంది.

"బొగ్గు పెరగది బాపూ. దవాఖానకు పోదాం," అన్నాను.

"దండలు వడే ముంగట దవాఖాన ముచ్చటేంది? ఫంక్షన్ కానియ్," అని కసిరాడు.

నాకు ఒళ్లు మండింది. మొండితనంలో నేనూ ఆయన కూతుర్నే. పొద్దున్నే కరీంనగర్ బస్సెక్కించాను. చర్మ డాక్టర్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "బొగ్గే సార్, మా బిడ్డకు ఫికర్ ఎక్కువ," అని బాపు ఆయనకే నచ్చజెప్పబోయాడు. డాక్టర్ మత్తు సూది ఇచ్చి, చుక్కను కోసి పరీక్షకు పంపించాడు.

ఫంక్షన్ బాగానే జరిగింది. చెవి వెనక పట్టీ తలపాగాలో కలిసిపోయింది. నేను డప్పుల ముందు ఎగిరాను కూడా. కానీ ఫోన్ మోగినప్పుడల్లా డాక్టరేమోనని పరుగెత్తి చూసుకునేదాన్ని.

ఫలితం వచ్చాక మళ్లీ కరీంనగర్ పోయాం. అది చర్మ క్యాన్సర్. మొత్తం తీసేశామని, భయం లేదని డాక్టర్ చెప్పాడు. అయితే ఒంటి మీద మిగతా చుక్కలన్నీ ఒకసారి జాగ్రత్తగా చూసుకోవాలని, ఏ కాస్త అనుమానమున్నా వెంటనే రావాలని అన్నాడు. తిరుగు బస్సులో బాపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే వాకిట్లో కుర్చీ వేసుకుని బనియన్ విప్పాడు. నేను పెద్దదాన్నయ్యాక ఆయన నా ముందు అలా కూర్చోవడం అదే మొదటిసారి.

"చూడు బిడ్డా," అన్నాడు.

నేను వీపు మీది ఒక్కొక్క చుక్క మీదా వేలు పెట్టాను. చూడకుండానే ఆయన చెప్పుకుపోయాడు. "అది బొగ్గు మోసే టబ్బు గుద్దినప్పటిది. అది పైకప్పు పెళ్ల వడ్డప్పటిది. గది నా తప్పే, జారి వడ్డ." చెప్పేకొద్దీ గొంతులో ధైర్యం వచ్చింది. నాకూ ఊపిరాడింది. ఎడమ భుజం కింద ఒకదాని మీద వేలు ఆపాను.

ఆయన చెయ్యి వెనక్కి పెట్టి అక్కడ తడుముకున్నాడు. తల వెనక్కి తిప్పి నా మొహంలోకి చూశాడు.

"గక్కడ నాకు ఎన్నడు దెబ్బ తాకలే బిడ్డా," అన్నాడు.